శివునికొరకు కొంటి షూసు: సటీకా తాత్పర్యం

అవతారిక

మెదకు సీమవాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు టీక రాయబోతూ ఒక ఒట్టు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని. ఈ టీకాకారుడూ ఆ ఒట్టే పెట్టుకోబోయాడు గానీ, మూలకర్త సొంత బామ్మర్ది కావడంవల్ల రెండో సగం నిలబడదని ముందే తెలిసిపోయింది.

మూలకర్త నంద్యాలలో గుమాస్తా. పోయిన శివరాత్రికి పది దినాల ముందు, రాత్రి పదకొండు గంటలప్పుడు, ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక పద్యం పెట్టినాడు. పెద్దక్క చేతులు జోడించిన బొమ్మ పంపింది. మేనల్లుడు మంట బొమ్మ పంపినాడు. భార్య అదే ఇంట్లో పక్క గదిలో పడుకుని "గ్యాసు కట్టేసినావా?" అని రాసింది. పద్యాన్ని పద్యంగా చదివినవాడు ఒక్కడు లేడు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి ఇంట్లో ఉండి కూడా ఇట్లా జరగనివ్వడం బాగుండదు కాబట్టి ఈ టీక.

మూలం

నలుబదేండ్లు దాటె నడుమేమొ పట్టెను
నడువుమనుచు చెప్పె నర్సు కూడ
ఆపవద్దు నన్ను ఆత్మకూరుకు బస్సు
శివునికొరకు కొంటి షూసు నేను

ఛందస్సు

ఆటవెలది. ఆట మొదలుపెట్టినవాడు ఆటవెలదే ఎంచుకోవడం ఔచిత్యం. ఈ ఉపజాతి పద్యంలో లెక్క వేస్తే సూర్యగణాలు పదహారు, ఇంద్రగణాలు నాలుగు. అంటే ఎండ పదహారు పాళ్ళు, వాన నాలుగు పాళ్ళు. రాయలసీమకు ఇంతకంటే సరిపోయే ఛందస్సు ఇంకొకటి లేదు. ఆటవెలదికి ప్రాస నియమం లేదు, ప్రయాస ఉంది. పద్యానికి నాలుగు పాదాలు, కవికి రెండే. ఆ రెండింటి సంగతి నాలుగో పాదం దగ్గర చెబుతాం.

ప్రతిపదార్థం

నలుబదేండ్లు దాటె: ఎంత దాటినాయో కవి చెప్పలేదు. ఆధార్ కార్డే ఇక్కడ ఆధారం. నలభై ఏడు.

నడుమేమొ పట్టెను: "ఏమొ" అనడంవల్ల సందేహాలంకారం. పట్టింది నడుమా, డిస్కా, ఆఫీసు కుర్చీయా అనేది కవికే తెలియదు.

నర్సు కూడ: "కూడ" అనే అవ్యయంవల్ల డాక్టరు ముందే చెప్పినాడని తేలుతుంది. డాక్టరు చెబితే వినలేదు, భార్య చెబితే వినలేదు, సూది వేస్తూ నర్సు చెబితే విన్నాడు. ఇందులో శృంగారం లేదని టీకాకారుడు తన భార్యకు, అంటే కవి అక్కకు, హామీ ఇచ్చినాడు.

శంక: నడవమంటే పొద్దున స్టేడియం చుట్టూ నాలుగు చుట్లు తిరిగితే చాలదా? నల్లమల దాటి శ్రీశైలం పోవడం ఎందుకు?

సమాధానం: అదే ఈ పద్యానికి ప్రాణం. నాలుగు చుట్లతోనే మొదలైంది. మూడో వారానికి ఎనిమిదైనాయి. రెండో నెలలో మహానంది దాకా పోయి బస్సులో తిరిగొచ్చినాడు. నాలుగో నెలలో బస్సు మానేసినాడు. ఈ దశ వేరు. భరతముని చెప్పిన స్థాయీభావాలలో కాళ్ళు నొస్తాఉంటే ఇంకా నడవాలనిపించే భావం కనబడదు. ఉత్సాహం అందామంటే మూలకర్త ముఖంలో ఉత్సాహం లేదు, చెమట ఉంది. దీన్ని మా సీమలో తీట అంటారు. కాబట్టి ఇక్కడ స్థాయి తీట, ఆలంబనం కొండ, ఉద్దీపనం పక్కవాడు ముందు పోవడం.

ఈ తీట నడివయసులో రావడం వింతేం కాదు. పంజాబులో పుట్టి లండన్ చేరిన ఫౌజాసింగ్ 2000లో అక్కడి మారథాన్ పూర్తి చేసేటప్పటికి ఆయన వయసు 89గా లెక్క. ఆయన ముందు మా బామ్మర్ది బాలుడు. అయితే మా జేజి ముందు ఈ ఉదాహరణ నడవలేదు. తొంభై ఎప్పుడో దాటిన ఆమె మంచంమీద లేచి కూర్చుని, "మేము బస్సు లేక నడిస్తిమి. నీకేం తెగులురా?" అనింది. నీళ్ళకు నడిచిన, సంతకు నడిచిన మనిషికి బస్సు ఎక్కడమే ముక్తి. ఆమె మాటకు టీకాకారుని దగ్గర జవాబు లేదు. అక్కర తీరినాక అదే పని ఆట అవుతుంది. అక్కర తీరనివాళ్ళకు అది పనిగానే ఉంటుంది.

ఆపవద్దు నన్ను ఆత్మకూరుకు బస్సు: ముందు వ్యాకరణ దోషం. నన్ను, ఆత్మకూరు అనేవాటి నడుమ సంధి జరగలేదు. సంధి అంటే కీలు. కీళ్ళు పట్టేసినవాని పద్యంలో సంధులు పలకవు, క్షమించవచ్చు.

ఇక ఆత్మకూరు ఏది? నెల్లూరు జిల్లాలో ఒకటుంది, అనంతపురం జిల్లాలో ఒకటి, వనపర్తి జిల్లాలో ఒకటి. వేదాంతి అయితే ఆత్మ కూరే చోటని విరిచి, బస్సు అంటే దేహమని చెప్పి, కండక్టరును గురువు చేసి కూర్చుంటాడు. మాకు బస్సు బోర్డు ప్రమాణం. నంద్యాల నుంచి దోర్నాల దారిలో వచ్చే ఆత్మకూరే ఇది. అక్కడికి దగ్గరలోని వెంకటాపురం నుంచి అడవిదారి మొదలు: నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం, ఆపైన శ్రీశైలంలో మల్లన్న. నలభై కిలోమీటర్ల పైమాట. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తించి, 1921లో ఖాయం చేసిన మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. వాళ్ళు కొలతటేపుతో చేరిన చోటుకు మనవాళ్ళు కొలవకుండానే చేరినారని టీకాకారుని గర్వం.

పూర్వుల ప్రమాణం ఉందా అంటే ఉంది. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగమే శ్రీశైలానికి ఇచ్చినాడు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబలానికి మెట్లు కట్టించినాడు. మోకాలు నొచ్చినవాళ్ళంతా ఆయనను తలుచుకుంటారు, ఏ విధంగా అనేది ఎక్కుతున్నారా దిగుతున్నారా అన్నదాన్నిబట్టి ఉంటుంది. 1677లో శివాజీ వచ్చిపోయినాడు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి పోతూ ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు మీదుగానే శ్రీశైలం చేరినాడు. ఆయన యాత్రాచరిత్ర గొప్ప పుస్తకం. ఆ యాత్రలో పల్లకీ ఉంది, మోసిన బోయీలు ఉన్నారు. ఓర్పు పందెం పెట్టి ఉంటే పతకం వాళ్ళది. పుస్తకం మీద పేరు అయ్యగారిది.

శివునికొరకు కొంటి షూసు నేను: "కొరకు" చతుర్థీ విభక్తి. షూసు శివుని కోసం కొన్నవి. శివుని గడప మాత్రం దాటవు, బయటే వదలాలి. "షూసు" నిత్యబహువచనం. ఒకటి పోగొట్టుకున్నవాడు కూడా "ఒక షూసు పాయ" అంటాడు. "బూట్లు" అని పాఠాంతరం ఉంది, అది మామగారు పెట్టిన రిప్లై కాబట్టి ప్రక్షిప్తం.

ఇక్కడ యతిభంగం. శి అనే అక్షరానికి షూ యతి చెల్లదు. శకార షకారాలకు హల్లు మైత్రి ఉంది, ఇకార ఊకారాలకు అచ్చు మైత్రి లేదు. ఈ దోషం కవి తెలియక చేసింది కాదనీ, జరగబోయేదాన్ని సూచించిందనీ మా వాదం. షూకీ పాదానికీ సైజు కుదిరింది, చిటికెనవేలు కుదరలేదు. కొత్త షూసు పది దినాల ముందు కొని, కట్టెలాగున్నవాటిని అడవిలో తొడగడం ఎంత తప్పో నాగలూటి చేరకముందే తెలిసింది. యతి అంటే విరామం. యతి తప్పినచోటే ఆయన కూలబడి షూసు విప్పినాడు.

ఈ సంగతి టీకాకారునికెట్లా తెలుసు అని అడగవచ్చు. "మా తమ్ముడు ఒంటిగా పోతాడంట, తోడు పో" అని ఇంట్లో ఆజ్ఞ అయింది. టీకాకారుడు పాత తోలు చెప్పులతో పోయినాడు. మూలాన్ని ఇంత దగ్గరగా వెంబడించిన వ్యాఖ్యాత ఇంకొకడు లేడు.

విశేషాంశాలు

ఆకురాలే కాలం. అడుగు వేస్తే ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతాయి. వేలమంది నడుస్తుంటే అడవంతా ఎవరో మిక్చరు తింటున్నట్టు చప్పుడు. ఇది 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చిన అడవి. అటవీశాఖ ఈ దారిన జనాన్ని వదిలేది ముఖ్యంగా శివరాత్రికి, ఉగాదికి. పులి కనబడలేదు. ఇంత గొంతుతో మల్లన్నను పిలిచేవాళ్ళ దరిదాపులకు ఏ పులీ రాదు.

దారిలో మజ్జిగ పోసేవాళ్ళు, అన్నం పెట్టేవాళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు పంచేవాళ్ళు. పెద్దచెరువు దగ్గర రాత్రి. అక్కడ మూలకర్త కాళ్ళు చాపి, ఎవరికీ వినబడకూడదని తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చినాడు. టీకాకారుడు విన్నాడు, విననట్టు పండుకున్నాడు. తెల్లారి లేచి "బావా, పోదాం పా" అన్నది అతనే. ఆ మాట దగ్గర కరుణ తీటగా మారిపోయింది.

తెల్లవారుజామున ముగ్గురు చెంచులు మమ్మల్ని దాటిపోయినారు. ఒకరి నెత్తిన మూట, ఒకరి చంకలో బిడ్డ. మల్లన్న వాళ్ళకు చెంచు మల్లయ్య, ఇంటల్లుడు. అల్లుని ఊరికి పోయేదానికి ఎవరైనా ఆరు నెలల ముందునుంచి సాధన చేస్తారా? మూలకర్త వాళ్ళ వెనక వేగం పెంచబోయి నూరు గజాలలో మానుకున్నాడు.

భీమునికొలను లోయలోకి దిగుడు. ఎక్కేటప్పుడు కష్టం గుండెది, దిగేటప్పుడు తొడది. దిగుతుంటే తొడకండ సాగుతూనే ఒంటి బరువును పట్టి ఆపాలి. సాగుతూ ఆపడంలో కండ లోపల సన్నగా చిట్లుతుంది. ఆ నొప్పి అప్పుడు తెలియదు, ఒకటి రెండు దినాలకు కక్కసు మెట్టు మీద తెలుస్తుంది. లోయ నుంచి కైలాసద్వారానికి నిలువు మెట్లు. అక్కడ టీకాకారుడు అన్వయం మరిచిపోయినాడు, వ్యుత్పత్తి మరిచిపోయినాడు, తన పేరూ కాసేపు మరిచిపోయినాడు. పైన గాలి తగిలినప్పుడు మొదట గుర్తొచ్చింది మాత్రం దేవుడు కాదు, "ఇంకెంత దూరం?" అని కాకుండా "అప్పుడే అయిపోయిందా?" అని తన నోటనుంచి వచ్చిన మాట.

మూలకర్త ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టే యాప్ ఉంది. నాగలూటి దాటినాక చార్జింగు అయిపోయి ఫోన్ ఆరిపోయింది. రెండు దినాల అడుగులు లెక్కలోకి రాలేదని కైలాసద్వారం దగ్గర వాపోయినాడు. ఆపైన దారిలో సాక్షి గణపతి చేతిలో కలం, పుస్తకం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ళ హాజరు వేయడమే ఆయన ఉద్యోగం. మూలకర్త ఆయన ముందు చాలాసేపు నిలబడినాడు. పేరు ఒకటికి రెండుసార్లు చెప్పినాడు.

శంక: ఇది భక్తా, ఆటా?

సమాధానం: శిఖరేశ్వరం నుంచి శిఖరం చూస్తే మళ్ళీ పుట్టుక ఉండదని పెద్దలమాట. మూలకర్తను అటు తీసుకుపోదామంటే "వద్దులే బావా, ఇంకోతూరి చూస్తాంలే" అన్నాడు. మళ్ళీ పుట్టకుండా పోతే మళ్ళీ నడవడం కుదరదని భయం. పాఠకులు తేల్చుకోవచ్చు.

తాత్పర్యం

నలభై దాటినాయి, నడుము పట్టింది, నర్సు నడవమంది, ఆత్మకూరు బస్సెక్కుతున్నాను, షూసు కొన్నాను, ఆపకండి అని భావం. ఎవరూ ఆపలేదు. గ్యాసు కట్టేసే ఉంది.

గద్య

ఇది శ్రీమన్మల్లికార్జున దర్శనలబ్ధ కాలిబొబ్బాలంకృతుడును, నంద్యాల పురవాసియు, బామ్మర్ది వెంట నడిచి కుడికాలి బొటనవేలి గోరు నల్లమలకు సమర్పించినవాడును అగు టీకాకారుని కృతియందు ప్రథమాశ్వాసము. ఆశ్వాసమనగా ఊపిరి తీసుకొనుట. ఉగాదికి కన్నడ దేశం నుంచి భ్రమరాంబకు సారె మోసుకుని ఎండలో నడిచివచ్చేవాళ్ళతో, కర్రకాళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళతో కలిసి ద్వితీయాశ్వాసం ఉంటుంది. టీకాకారుడు ఎనిమిదో నంబరు షూసు ఇప్పుడే కొని, ఇంట్లో తొడుక్కుని తిరుగుతున్నాడు.