ఆలిని అమ్మాడు గానీ...

హాలీవుడ్‌లో గీతనాటకాలు వరసగా సినిమాలవుతున్నాయి.

అలా 2024లో వచ్చిన ‘మీన్ గర్ల్స్’ ట్రైలర్‌లో పాత్రలు పాడతాయన్న సంగతి మాత్రం పొక్కనివ్వలేదు.

మిర్చి టిక్కీ అడుగున తాలుకాయలు దాచేవాళ్లను గుంటూరు యార్డు చూసింది.

మేలికాయలు దాచేవాళ్లను ఇప్పుడే చూస్తోంది!

‘వికెడ్’ నాటకం ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. సినిమాగా 2024లో సగం, 2025లో సగం.

మధ్యలో విశ్రాంతి... ఏడాది!

ఈలోగా ఇంటికెళ్లి పత్తి తీసి, మిరప కోసి, అమ్ముకుని రావచ్చు.

మన సత్యహరిశ్చంద్రుడూ నాటకాల్లోంచి వచ్చి, 1965లో ఎన్టీఆర్‌గా తెరకెక్కాడు. కాటిసీను కోసం మరుసటేడు రమ్మనలేదు.

పాపం, ఆలిని అమ్ముకున్నాడు గానీ,

ఆటను రెండు టిక్కెట్లకు అమ్మడం ఆయనకు తోచలేదు!