ఊకదంపుడుకు రసీదు

సూరత్‌లో మా లింబాయత్‌ ఇళ్ల బ్రోకరు మొన్నొక కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. స్టాంపు కాగితాలు, నోటరీలు పాతబడ్డాయట. అద్దె అగ్రిమెంటును బ్లాక్‌చెయిన్‌కి ఎక్కిస్తే బ్రహ్మ కూడా అక్షరం మార్చలేడట. దాని వెనక ‘ప్రూఫ్ ఆఫ్ వర్క్’ ఉందట.

పని చేసినట్టు రుజువు! సూరత్ పవర్‌లూమ్‌ల దగ్గర పన్నెండేసి గంటలు నిలబడే మన తెలుగువాళ్లకు ఇన్నేళ్లలో అలాంటి కాగితం ఎవరిచ్చారు గనక? ఆశపడ్డాను. తీరా చూస్తే ఆ పని యంత్రాలది. ప్రపంచమంతా కంప్యూటర్లు కరెంటు తాగుతూ ఒక అంకె కోసం గుడ్డిగా తడుముకుంటాయి. బిట్‌కాయిన్‌లో సుమారు 10 నిమిషాలకొకసారి ఒకరికి తగులుతుంది. తక్కినవాళ్ల కరెంటు గంగపాలు. మన ఊళ్లో దీన్ని ఊకదంపుడంటారు. దానికి రసీదివ్వడమే కొత్త.

“ఇల్లు ఈ ఓనరుదేనని మీ చెయిన్ చెబుతుందా?”

“అది చెప్పదంకుల్.”

“సంతకం అతనిదేనా?”

“అదీ చెప్పదు. ఆ రోజు ఎక్కించిన ఫైలు ఇదేనని మాత్రం పక్కాగా చెబుతుంది.”

దొంగ దస్తావేజు ఇస్తే, ఫలానా తేదీ నుంచి చెక్కుచెదరని దొంగ దస్తావేజని పూచీ పడుతుందన్నమాట!

ఆ తేదీ ముద్రకైనా ఇంత దంపుడు అక్కర్లేదు. హేబర్, స్టోర్నెటా అనే ఇద్దరు 1991లోనే దారి చూపారు. 1995 నుంచి వాళ్ల కంపెనీ పత్రాల హ్యాష్‌ను, అంటే వాటి వేలిముద్రలాంటి అంకెను, వారం వారం న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటనగా వేయించింది. ఇంటింటా పడిన పేపర్లను ఎవడు దిద్దగలడు? మరో పెద్ద బ్లాక్‌చెయిన్ ఎథీరియమైతే 2022 సెప్టెంబరులో ప్రూఫ్ ఆఫ్ వర్క్‌నే వదిలించుకుంది. ఆ రోకలి ఇప్పుడు మా గుమ్మం ముందుకొచ్చింది.

అదీ సూరత్‌లో! బిట్‌కనెక్ట్‌ను ఈ ఊరు మరిచిపోయిందా? బిట్‌కాయిన్లు ఇవ్వండి, మా ట్రేడింగ్ బాట్ నెలకు 40 శాతం దాకా తెస్తుందన్నారు. జనం పంపిన ప్రతి బిట్‌కాయినూ ప్రూఫ్ ఆఫ్ వర్క్ ముద్రతో నిక్షేపంగా నమోదైంది. 2018 జనవరిలో దుకాణం మూతపడింది. వ్యవస్థాపకుడు సతీశ్ కుంభానీ మీద 2022లో అమెరికా మోపిన అభియోగం 240 కోట్ల డాలర్ల మోసం. సూరత్ సీఐడీ ఎఫ్ఐఆర్‌ల ఆధారంగా దర్యాప్తు చేసిన ఈడీ 2025 ఫిబ్రవరిలో రూ.1,646 కోట్ల క్రిప్టోను జప్తు చేసింది. చెయిన్‌లో అక్షరం చెరగలేదు. డబ్బే పోయింది.

మహీధర్‌పురా వజ్రాల వీధికి వెళ్లి చూడండి. స్కూటరు సీటు మీద కాగితం పొట్లం విప్పుతారు, భూతద్దం కంటికి ఆనిస్తారు, జాంగడ్ చీటీ రాస్తారు: సరుకు చూడ్డానికిచ్చాను, అమ్మలేదు, అడిగినప్పుడు తిరిగివ్వాలి. అంతే. అక్కడా ముంచేవాళ్లున్నారు. కాకపోతే ముంచినవాడి ఇల్లెక్కడో దలాలుకు తెలుసు.

అద్దె అగ్రిమెంటు రాసుకునేవాళ్లకు ఒక్క మాట. ఏ చెయిన్‌కైనా ఎక్కించుకోండి, ముందు ఇంటిపన్ను బిల్లు తెప్పించి దానిమీద పేరెవరిదో చదవండి.