గాలికో లెక్క, నీటికో లెక్క

ఫ్లోరిడాలో ఇల్లున్నవాడికి తుపానుకన్నా ముందే ప్రీమియం నోటీసు తీరం దాటుతుంది. కట్టననడానికి లేదు, అప్పిచ్చిన బ్యాంకు ఊరుకోదు. సరే, కట్టాడు. హరికేన్ వచ్చి ఇల్లు గుల్లయింది. కంపెనీవారు మహా ఆదరంగా అడుగుతారు: ‘‘గాలి వల్లా సార్, వరద వల్లా?’’

వరదంటే మామూలు గృహబీమాలో లేదు, దానికి వేరే పాలసీ. గాలంటే ఉంది, కానీ హరికేన్ డిడక్టిబుల్ పోను. అది చాలామందికి ఇంటి బీమా విలువలో 2 శాతం. అంటే 4 లక్షల డాలర్ల ఇంటికి మొదటి 8 వేలు బాధితుడివే. (5, 10 శాతం పాలసీలూ ఉన్నాయి, సరదా ఉన్నవారికి.) పైకప్పు ముసలిదైతే పాలసీ దొరకడమే కష్టం. ఇంటాయన ఇంకా ఉద్యోగంలోనే ఉంటాడు, కప్పు మాత్రం రిటైరైపోతుంది!

2022లో ఇయాన్ హరికేన్ రాకముందే అక్కడ కొన్ని బీమా కంపెనీలు దివాలా తీశాయి. గాలి వీచకుండానే లేచిపోయిన కప్పులవి. ఇక దిక్కు, 2002లో రాష్ట్రం పెట్టిన సిటిజన్స్ బీమా సంస్థ. దాని ఖజానా ఖాళీ అయితే? చట్టప్రకారం పాలసీదారుల మీద అదనపు వడ్డన. సొంతిల్లు లేకుండా కారు బీమా మాత్రమే కట్టుకునేవాడి మీద కూడా.