బరువు తగ్గే ఆపరేషన్: వినకూడని సలహాలు

ఆపరేషన్ తర్వాత ఏం తినాలి, ఎంత తినాలి, ఎలా తినాలి అని చెప్పే పని నాది. బేరియాట్రిక్ సర్జరీ విభాగంలో డైటీషియన్‌ని. నా ఎదుట వచ్చి కూర్చునేవాళ్ళు అప్పటికే సర్జన్ చెప్పింది విని ఉంటారు. అంతకుముందే చుట్టాలు చెప్పిందీ, ఇరుగుపొరుగు చెప్పిందీ విని ఉంటారు. సలహా ఇచ్చినవాళ్ళలో చెడు కోరినవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆ మాటల్లో కొన్ని మనిషిని ఏళ్ళ తరబడి కుంగదీస్తున్నాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తున్నాయి. చేయించుకోవాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ళు పక్కన పెట్టాల్సిన సలహాలు ఇవి.

"నోరు కట్టుకుంటే చాలు, కోతెందుకు?"

అన్నిటికంటే ముందు వినిపించేది ఇదే, మనసుని ఎక్కువ గాయపరిచేదీ ఇదే. 160 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువున్న ఒకావిడను తీసుకుందాం. ఎత్తుకి తగ్గ బరువుని చూపే కొలత, బీఎంఐ, 35. నా దగ్గరికి వచ్చేసరికే ఆవిడ శనివారాలు ఒంటిపూట ఉండి చూసింది. రాత్రిళ్ళు రెండు పుల్కాలతో సరిపెట్టుకుంది. రాగిజావ, కొర్రన్నం, మెంతుల నీళ్ళు అన్నీ అయ్యాయి. ప్రతిసారీ కొంత తగ్గింది, మళ్ళీ అంతకంటే ఎక్కువ ఒళ్ళు చేసింది. ఆవిడకి నోరు కట్టుకోవడం చేతకాదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

కడుపు మాడ్చుకుని బరువు తగ్గితే శరీరం ఊరుకోదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది. ఒంట్లో శక్తి ఖర్చు తగ్గిపోతుంది. పోయిన కిలోలు తిరిగి వచ్చేదాకా ఆ పోరు ఆగదు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే భాగం అందులోనే పోతుంది. ఆ తర్వాత ఆకలి నెమ్మదించడానికి కడుపు చిన్నదవడం ఒక్కటే కారణం కాదు, ఇదీ కారణమే. స్వీడన్‌లో 1987లో మొదలైన ఎస్‌ఓఎస్ అధ్యయనం ఆపరేషన్ చేయించుకున్న సుమారు 2,000 మందిని, మామూలు చికిత్సతో ఉన్న మరో 2,000 మందిని దశాబ్దాల పాటు గమనించింది. మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళ బరువు ఏళ్ళు గడిచినా దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు వాళ్ళకంటే సుమారు మూడేళ్ళు ఎక్కువ బతికారు.

2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే వేరే జబ్బేమీ లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చు. 30 దాటి షుగర్ లాంటివి ఉంటే ఆలోచించవచ్చు. మన ఆసియా వాళ్ళకి తక్కువ బరువుకే షుగరు, గుండెజబ్బు వస్తాయి కాబట్టి ఆపరేషన్ సూచించే గీతను 27.5 దగ్గర గీశారు. అంతమాత్రాన గీత దాటిన ప్రతివాళ్ళూ బల్లెక్కాలని కాదు. ఇక ఆ గీతకి దరిదాపుల్లో కూడా లేని అమ్మాయిని "కాస్త బొద్దుగా ఉంది, చేయించేద్దాం" అంటూ తీసుకొచ్చే వాళ్ళున్నారు. ఏ జబ్బూ లేని కడుపులో ముప్పావు భాగం తీసేస్తే మళ్ళీ అతికించలేం. అలాంటి అమ్మాయికి ఈ ఆపరేషన్ వద్దు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

"ఆ హీరోయిన్‌కి ఏమైందో చూశావుగా!"

ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో న్యూజెర్సీలో 31 ఏళ్ళకే కన్నుమూశారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. ఆ దుఃఖం మన వాళ్ళింకా మరిచిపోలేదు, భయపడటంలో తప్పులేదు. కానీ లైపోసక్షన్ వేరు, ఇది వేరు. అది చర్మం కిందున్న కొవ్వుని గొట్టంతో లాగేసే పని, స్థూలకాయానికి చికిత్స కాదు. బేరియాట్రిక్ ఆపరేషన్ జీర్ణాశయం మీద, ఒక్కోసారి పేగుల మీద కూడా చేస్తారు. ఒకదాని భయంతో ఇంకొకదాన్ని తూచకూడదు.

అలాగని దీనికి ప్రమాదమే లేదనే మాటా నమ్మొద్దు. అమెరికాలో పది కేంద్రాల్లో 4,776 మందిని గమనించి 2009లో అచ్చువేసిన అధ్యయనంలో నెలలోపు చనిపోయినవాళ్ళు 0.3 శాతం, అంటే వెయ్యికి ముగ్గురు. ఇంటికి వెళ్ళాక జ్వరమో, ఆయాసమో, ఆగని గుండెదడో వస్తే కుట్లు వేసినచోట లీకు అయ్యుండొచ్చు. తెల్లారేదాకా చూద్దామనుకోకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి.

"పెళ్ళికి ముందే కానిచ్చేయండి"

ఈ సలహా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తల్లీకూతుళ్ళు వస్తారు. తల్లే మాట్లాడుతుంది. "మాఘంలో ముహూర్తాలున్నాయి మేడం, ఈలోగా ఎన్ని కిలోలు తగ్గుతుంది?" అంటుంది. అమ్మాయి చున్నీ అంచుని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంటుంది. నీకేం అనిపిస్తోందమ్మా అని అడిగితే తల్లి ముఖం చూస్తుంది. అలాంటప్పుడు తల్లిని కాసేపు బయట కూర్చోమంటాను. నన్ను అడిగితే ప్రతి ఆసుపత్రిలోనూ ఈ పని తప్పనిసరి చేయాలి. తర్వాత జీవితాంతం మాత్రలు వేసుకోవాల్సింది, గుప్పెడు అన్నంతో ఆపాల్సింది ఆ అమ్మాయి. ఆమె సొంత నోటితో ఒప్పుకోని ఆపరేషన్‌కి తేదీ ఇవ్వకూడదు.

తర్వాత లెక్కలు చూడండి. బరువు వేగంగా తగ్గేది మొదటి ఏడాదిలో. మూడో నెల నుంచి జుట్టు ఊడటం మొదలవుతుంది. చాలామందికి మళ్ళీ వస్తుంది, కానీ పెళ్ళిపీటల మీద కూర్చునే నెలలు సరిగ్గా అవే కావచ్చు. అన్నిటికంటే పెద్ద విషయం గర్భం. ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోమంటారు. తల్లి తినేదే తనకి చాలని రోజుల్లో కడుపులో బిడ్డకి ఐరన్, బి12, ఫోలిక్ యాసిడ్ ఎక్కణ్ణుంచి వస్తాయి? మన ఇళ్ళల్లో పెళ్ళయిన మూడో నెలకే "ఏమైనా విశేషమా?" అని మొదలుపెడతారు. పైగా పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి బరువు తగ్గగానే నెలసరి గాడిలో పడుతుంది, అనుకోకుండా గర్భం నిలవచ్చు. స్లీవ్ కాకుండా జీర్ణాశయాన్ని పేగుకి కలిపే బైపాస్ ఆపరేషన్ అయినవాళ్ళకి గర్భనిరోధక మాత్రలు సరిగ్గా ఒంటబట్టకపోవచ్చు కూడా. కాబట్టి సర్జన్‌తో పాటు గైనకాలజిస్టునూ కలవాలి, లూప్ లాంటి పద్ధతి ముందే మాట్లాడుకోవాలి. కాబోయే భర్తకి ఈ సంగతులు తెలియకుండా పెళ్ళి చేయడం ఇద్దరికీ అన్యాయం.

"ఎవరికీ చెప్పకు, గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అని చెప్పు"

ఈ గుట్టే నన్ను అన్నిటికంటే భయపెడుతుంది. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో పూర్తిగా పల్చటి పదార్థాలు, తర్వాత మెత్తగా చేసినవి, ఆపైన మెల్లగా మామూలు తిండి. రెండు మూడు చెంచాల మెత్తటి ఇడ్లీకి అరగంట పడుతుంది. నీళ్ళు గుక్కగుక్కగా రోజంతా తాగుతుండాలి, అన్నంతో పాటు తాగకూడదు. ఇవేవీ తెలియని అత్తగారు ప్రేమగా కలిపి ముద్దలు పెడుతుంది. ఈమె కాదనలేక తింటుంది, తిన్నది వాంతి అవుతుంది. మర్నాడూ అంతే. రెండు వారాలకి మంచం దిగలేనంత నీరసం వస్తుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "ఆర్‌ఎంపీ డాక్టర్ని పిలిచి ఓ గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి."

దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. శరీరంలో బి1 విటమిన్ నిల్వలు కొద్ది వారాలకే సరిపోతాయి. తిండి లేక, వాంతులతో అవి అడుగంటాక ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోతుంది. దాంతో మెదడు దెబ్బతినవచ్చు. కళ్ళు అటూ ఇటూ కొట్టుకోవడం, నడక తూలడం, మాట తికమకపడటం కనిపిస్తాయి. గ్లూకోజ్‌కి ముందు, కనీసం దాంతోపాటే, బి1 ఇంజెక్షన్ పడాలి. వచ్చిన డాక్టరుకి గాల్‌బ్లాడర్ అని చెబితే ఆయనకి ఈ అనుమానం ఎందుకు వస్తుంది?

మోకాళ్ళ నొప్పికి డైక్లోఫినాక్ రాసే డాక్టరుకీ తెలియాలి, ఎందుకంటే బైపాస్ చేసినచోట ఆ మందుతో పుండు పడే ప్రమాదం ఉంది. పంటి డాక్టరుకీ తెలియాలి. వంట చేసేవాళ్ళకి తెలియాలి. రాత్రివేళ కారు తీసేవాళ్ళకి తెలియాలి. ఊరంతా చెప్పక్కర్లేదు, వీళ్ళకి చెప్పాల్సిందే. ఏ ఆపరేషన్, ఎప్పుడు, ఏ సర్జన్ అన్నది ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోమని నేను అందరికీ చెబుతాను.

"మా వదిన స్లీవ్ చేయించుకుంది, నువ్వూ అదే చేయించుకో"

వదినకి ఛాతీలో మంట లేదేమో, మీకు ఉందేమో. పుల్లత్రేన్పులు, గుండెల్లో మంట ఉన్నవాళ్ళకి స్లీవ్ తర్వాత అవి ముదిరే అవకాశం ఎక్కువ. బైపాస్‌లో అది తగ్గుతుంది. బైపాస్‌లో చిన్న సంచి చేసి పేగుకి నేరుగా కలుపుతారు. బరువు కొంచెం ఎక్కువ తగ్గుతుంది. అమెరికాలో జరిపిన ఒక పెద్ద పరిశీలనలో ఐదేళ్ళ తర్వాత బైపాస్ వాళ్ళు మొత్తం బరువులో సుమారు 25 శాతం, స్లీవ్ వాళ్ళు సుమారు 19 శాతం తగ్గి ఉన్నారు. ఆ కొద్దిపాటి లాభానికి బదులు పేగు మెలికపడే ప్రమాదం, విటమిన్ల లోటు కూడా ఎక్కువ. జిలేబీ లాంటిది తింటే చెమటలు, గుండెదడ, విరేచనం రావచ్చు. ఎండోస్కోపీ చూడకుండా ఏది చేయాలో చెప్పే డాక్టరు దగ్గర ఆగకండి.

"షుగర్ మాయమైపోతుంది, మాత్రలు మానేయొచ్చు"

చాలామందికి ఆసుపత్రిలో ఉండగానే షుగర్ మాత్రల అవసరం తగ్గుతుంది, నిజమే. కానీ అందరికీ కాదు, శాశ్వతంగానూ కాదు. క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు 150 మంది మీద చేసిన స్టాంపీడ్ అధ్యయనంలో ఐదేళ్ళకి షుగర్ అదుపుని చూపే హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, ఒట్టి మందులతో 5 శాతం. షుగర్ వచ్చిన కొత్తలో చేయించుకున్నవాళ్ళకి ఫలితం ఎక్కువ. ఏళ్ళ తరబడి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళకి తక్కువ. ఇక బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు మాత్రం జీవితాంతం వేసుకోవాలి. రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు తినమంటాం. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. గుడ్డు కూడా ముట్టని శాకాహారులు పెరుగు, పనీర్, మీల్‌మేకర్, ప్రోటీన్ పొడి లేకుండా అంత చేరుకోవడం కష్టం. ఈ లెక్క ఆపరేషన్‌కి ముందే వంటింట్లో కూర్చుని వేసుకోవాలి.

మందు అలవాటున్న మగవాళ్ళకి "తర్వాత కొంచెం తాగితే ఏం కాదు" అని చెప్పే స్నేహితులుంటారు. ఆపరేషన్ తర్వాత మద్యం వేగంగా తలకెక్కుతుంది, తాగుడు వ్యసనంగా మారే ప్రమాదం పెరుగుతుంది. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

"ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయిగా!"

వచ్చాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. మంచి మందులే, కొందరికి ఆపరేషన్ అవసరాన్ని తప్పించవచ్చు. మీ డాక్టరుని తప్పకుండా అడగండి. అయితే రెండు సంగతులు తెలిసి మొదలుపెట్టాలి. వెగోవీ మందు ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని దాని ప్రయోగంలోనే తేలింది. కాబట్టి నెల నెలా అయ్యే ఖర్చుని ఏళ్ళ లెక్కన చూసుకోవాలి. రెండోది, ఎవరో వాడగా మిగిలిన పెన్ను తెచ్చుకుని పొడుచుకోవద్దు.

డబ్బు విషయంలో "ఇన్సూరెన్స్ ఇవ్వరు, అడక్కు" అనేది కూడా తప్పే. బీఎంఐ 40 దాటినా, 35 దాటి అదుపులోకి రాని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, గుండెజబ్బు లాంటివి ఉన్నా, మిగతా పద్ధతులు ఫలించలేదని డాక్టరు రాస్తే పెద్దవాళ్ళకి, స్థూలకాయం చికిత్సకి బీమా ఇవ్వరనే మినహాయింపు వర్తించదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలోనే ఉంది. పాలసీ కాగితాలు తీసి చదవండి, వెయిటింగ్ పీరియడ్ చూడండి.

సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వంట చేసేవాళ్ళను వెంట తీసుకెళ్ళండి. నాకు ఈ ఆపరేషనే ఎందుకు, ఇంకోటి ఎందుకు కాదు? అర్ధరాత్రి జ్వరం వస్తే ఫోన్ ఎత్తేదెవరు? ఐదేళ్ళ తర్వాత కూడా నన్ను చూస్తారా, ఏటా చేయించాల్సిన రక్తపరీక్షలకి ఎంతవుతుంది? బరువు తిరిగి వస్తే ఏం చేస్తారు? జవాబులు అక్కడే రాసుకోండి. ఇవి అడిగినందుకు విసుక్కున్నా, ఈ నెలాఖరులోగా అడ్వాన్స్ కడితే డిస్కౌంటు అని తొందరపెట్టినా, కట్టకుండా వచ్చేయండి.