ఐదున్నర గంటల సర్కారు

ఇక దేశమంతా ఒకే టైమట. అధికారిక, వాణిజ్య వ్యవహారాల్లో భారత ప్రామాణిక కాలం తప్ప మరొకటి ముట్టుకోవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ముసాయిదా నిబంధనలు తెచ్చింది. మైక్రో సెకను దాకా లెక్క తప్పకూడదట. అభ్యంతరాలకు 2025 ఫిబ్రవరి 14 దాకా గడువిచ్చింది. మా గార్ల మండలం వాళ్లకు అభ్యంతరమేమీ లేదు, ఒక మరమ్మతు మనవి ఉంది.

సర్కారు వారి కంప్యూటర్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లున్నాయి. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఎక్కించుకున్న మా పిల్లలకు ఈ జబ్బు ఎరుకే. లోపల బొత్తాం బ్యాటరీతో నడిచే గడియారం ఒక్కటే. అది చూపేది స్థానిక సమయమని విండోస్ నమ్మకం, గ్రీనిచ్ సమయమని లినక్స్ నమ్మకం. లినక్స్‌లో పని ముగించి పొద్దున తొమ్మిదింటికి విండోస్ తెరిస్తే తెల్లవారుజాము మూడున్నర అంటుంది. పాపం, ఏదీ అబద్ధమాడదు.

సర్కారూ అంతే. మనల్ని లెక్క అడగాల్సినప్పుడు లినక్స్‌లో లేస్తుంది. ఉపాధి హామీ కూలీ పార పక్కన పెట్టి రోజుకు రెండుసార్లు ఫొటో దిగాలి. ఫొటోకు టైము ఉండాలి, చోటు ఉండాలి, సిగ్నల్ దయ ఉండాలి. మనకు ఇవ్వాల్సి వచ్చేసరికి రీస్టార్ట్ చేసుకుని రెండోదాంట్లో లేస్తుంది. పక్షం రోజుల్లో పడాలని చట్టం చెప్పిన కూలికి అక్కడ ఇంకా తెల్లారదు.

మా పక్కనే ఇనుప ఖనిజం ఉన్న బయ్యారం ఉంది. అప్పటి మా ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సంగతి ఆరు నెలల్లో పరిశీలించమని 2014 విభజన చట్టం సెయిల్‌కు చెప్పింది. ఆ ‘ఆరు నెలలు’ ముగిసేలోపు జిల్లానే మారిపోయింది. 2016లో బయ్యారం, గార్ల రెండూ మహబూబాబాద్‌లో పడ్డాయి. ముసాయిదాలో ఖగోళ పరిశోధనకు, నౌకాయానానికి మినహాయింపులున్నాయట. బయ్యారాన్ని ఏ పద్దులో వేశారో!

మందు చిన్నదే. విండోస్ రిజిస్ట్రీలో ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అని చేర్చి విలువ 1 పెట్టాలి. లేదంటే లినక్స్‌కు ‘టైమ్‌డేట్‌సీటీఎల్’తో స్థానిక సమయం నేర్పాలి. ఏదో ఒకటే, రెండూ చేస్తే కథ మళ్లీ మొదటికి. ముసాయిదాకూ ఒక్క లైను చాలు: ఈ నిబంధనలు ప్రభుత్వ వాగ్దానాలకూ వర్తిస్తాయి.

ఆ లైను మాత్రం రాయరు. తట్ట మోసే ఆడమనిషి ఫొటో వేళ దాటితే కూలి కోసే యాప్ కట్టారు. ఉక్కు మాటను పదేళ్లు దాటించినవాళ్ల జీతంలో ఒక్క పూటైనా కోశారా? అవునో కాదో అప్పుడే తెగేసి చెప్పి ఉంటే ఈ మండలాల పిల్లలు తమ దారి తాము చూసుకునేవాళ్లు. అధ్యయనమని, టాస్క్‌ఫోర్స్ అని ఏళ్లు తినేసి, చివరికి ఖనిజంలో నాణ్యత లేదంటారా? సెకన్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు దిగండి ఫొటో, రోజుకు రెండుసార్లు, టైముతో సహా.