ఉయ్యాల బల్ల మీద పగులు

మా నాన్నగారు చేయించిన టేకు ఉయ్యాల బల్లను నేనే పాడుచేశాను. ముప్ఫై ఏళ్ళు పదో తరగతి పిల్లలకు వోల్టులు, ఆంపియర్లు చెప్పినవాణ్ణి, డబ్బా మీది అంకె చూసి బోల్తాపడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రిటైరయ్యాక ఇంట్లో చిన్న పనులు నేనే చేసుకోవాలని ఉబలాటపడ్డాను. కాకినాడలో ఒక కొట్లో మూడు కార్డ్‌లెస్ డ్రిల్లులు చూపించారు. ఒకటి 12 వోల్టులది, ఒకటి 18. మూడోదాని డబ్బా మీద పెద్ద అక్షరాలతో 48వీఎఫ్ అని ఉంది. ధర మాత్రం అన్నిటికన్నా తక్కువ. అదేమిటని అడగలేదు. 48 పెద్దది కదా అనుకుని, సంచిలో వేయించుకుని పిఠాపురం బస్సెక్కాను.

మొదట కిటికీ పైన కర్టెన్ రాడ్డుకు చిల్లు పెట్టబోయాను. సిమెంటు పూత రాలింది, ఆపైన బిట్టు అంగుళం దిగలేదు. ఒంటి బరువంతా వేసి నొక్కాను. కాలిన వాసన వచ్చింది, బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. దాంతో ఆగినా బాగుండేది.

మర్నాడు ఉయ్యాల గొలుసు పట్టీకి వదులైన స్క్రూలు తీసి, కొత్తవి వేద్దామని కూచున్నాను. ట్రిగ్గరు నొక్కగానే స్క్రూ రయ్యిన దిగింది. తల పట్టీకి ఆనినా ఆగలేదు. ఫట్‌మని చప్పుడైంది. చార వెంబడే జానెడు పగులు. మా ఆవిడ ఏమీ అనలేదు, రాలిన పొడి గుడ్డతో తుడిచి లోపలికెళ్ళిపోయింది.

ఆ బల్ల చేసింది మా వడ్రంగి మేస్త్రి గారి తండ్రి. బరమాతో, ఒక చేత్తో పిడి నొక్కి, ఇంకో చేత్తో విల్లు లాగుతూ చిల్లులు పెట్టడం చిన్నప్పుడు పక్కన కూచుని చూశాను. కొత్తపల్లి నేతగాళ్ళ మగ్గాలు బాగుచేసి సాయంత్రం ఇటొచ్చిన మేస్త్రి గారు పగులు మీద వేలు పెట్టి తడిమారు. డ్రిల్లు అందుకుని, మూతి దగ్గరి ఉంగరం చూపించారు.

“మాస్టారూ, ఇది బొమ్మ మీద పెట్టేశారండి. స్క్రూకి అంకెల మీద ఉండాలండి.”

ఆ ఉంగరం మీద 1 నుంచి 20 దాకా అంకెలున్నాయి, చివర బిట్టు బొమ్మ. అంకె మీద ఉంచితే స్క్రూ బిగియగానే లోపల క్లచ్ జారి టకటకమంటుంది, బిట్టు ఆగుతుంది. బొమ్మ మీద ఉంచితే మోటారు బలమంతా స్క్రూ మీదే. వాళ్ళ నాన్నగారి మణికట్టుకు తెలిసిన పని యంత్రంలో ఆ ఉంగరానిది. నేను దాన్ని ముట్టుకోనైనా లేదు. పైగా వేగం మార్చే మీట 1 మీద పెడితే నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది, స్క్రూలకు అదే. నేను చిల్లులు పెట్టే 2 మీద ఉంచాను. ఎండిన టేకుకు ముందు సన్నచిల్లు వెయ్యాలన్న సంగతీ మరిచాను.

“కిటికీ మీద కాంక్రీటు లింటలండి, ఇటుక కాదు” అన్నారాయన. నాది హేమర్ లేని డ్రిల్లు. హేమర్ ఉంటే ఇటుకకు సరిపోతుంది. కాంక్రీటుకు రోటరీ హేమర్ కావాలి, దాని దెబ్బను జౌళ్ళలో కొలుస్తారు.

ఆ రాత్రి భూతద్దంతో బ్యాటరీ అడుగు చదివాను. 21 వోల్టులు, 1.5 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని ఉంది. లోపలివి ఐదు లిథియం సెల్లులు. ఒక్కోటి మామూలుగా 3.6, నిండుగా చార్జయితే 4.2. ఐదింటికి 18 లేదా 21. అంటే 18, 20, 21 అని అమ్మేవన్నీ ఆ ఐదు సెల్లుల వరసే. 48 ఎక్కడా లేదు. 18ని 1.5తో గుణిస్తే 27 వాట్‌అవర్లు, అదీ దాని సత్తువ. ఈ గుణకారం ఎన్ని వందలమంది చేత చేయించానో!

అసలు చూడాల్సింది టార్కు. 30 న్యూటన్ మీటర్లంటే మీటరు కడ్డీ చివర మూడు కిలోలు వేలాడదీసినంత మెలి. ఇంటిపనికి అది చాలు.

మేస్త్రి గారు బల్ల అడుగున ఇనప పట్టీ వేసి నిలబెట్టారు. ఉయ్యాల ఊగుతోంది. పగులు మాత్రం అలాగే ఉంది.

మీరు డ్రిల్లు కొంటే డబ్బా పక్కన పెట్టి ముందు బ్యాటరీ తిప్పి చదవండి. స్క్రూ బిగించేటప్పుడు ఉంగరం 3 దగ్గర మొదలుపెట్టి, చాలకపోతేనే ఒక్కో అంకె పెంచండి.