విప్పేది లేదు, చూసేది లేదు

మా రోజుల్లో బండి వెనక నుంచి చప్పుడొస్తే, అది ఏ చప్పుడో తేలేదాకా స్పానర్ ముట్టేవాళ్ళం కాదు. ఇప్పటి పిల్లలు చప్పుడు వినీ వినకముందే ఫోన్ తీసి, పాత యాక్సిల్ ఎక్కడ దొరుకుద్దని వాకబు మొదలుపెడుతున్నారు. విప్పేది లేదు, చూసేది లేదు, మార్చేద్దామంటే మార్చేద్దామే. చిలుకూరులో మా రేకుల షెడ్డు కింద ఉన్న అంబాసిడర్ మీద నాకూ మా మనవడికీ నడుస్తున్న పంచాయితీ ఇదే. వెనక యాక్సిల్ బాగు చేయించాలని నేను, పీకేసి వేరేది వేయించాలని వాడు.

వాడు చదువుకున్నోడు, కాగితం మీద లెక్క రాసి మరీ చూపించాడు. క్రౌన్ పినియన్ జోడీ, బేరింగులు, ఆయిల్ సీళ్ళు, మిస్త్రీ కూలీ అన్నీ కలిపితే పాత యాక్సిల్ మొత్తం దొరికే ధర దాటిపోతుందట. "అంబాసిడర్‌దే దొరక్కపోతే ఏ బొలెరోదో పట్టించి పడేద్దాం తాతా" అన్నాడు. పట్టించి పడేయడమట! దాని వెడల్పు వేరు, కమాన్లు కూర్చునే చోటు వేరు, బ్రేకులు వేరు, ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే ఫ్లాంజి వేరు. అవన్నీ కోసి, అతికి, సరిచేసేసరికి వాడి కాగితం రెండో పేజీకి పోతుంది. ఆ పేజీ మాత్రం వాడు రాయలేదు.

కోదాడలో మేమంతా భాయ్ అని పిలిచే మిస్త్రీ ఒకాయన ఉండేవాడు. వెనక చప్పుడొస్తోందని బండి పట్టుకుపోతే, బానెట్ వైపు కన్నెత్తి కూడా చూసేవాడు కాదు. వెనక సీటు తీయించి అక్కడే చతికిలబడి, హుజూర్‌నగర్ రోడ్డు మీద పోనీయమనేవాడు. యాక్సిలరేటర్ తొక్కితే ఊళవేసి కాలు తీయగానే ఆగిందా, లేక కాలు తీసినప్పుడే కూస్తోందా? ఈ రెండూ క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య తగువు, కాదంటే పినియన్ బేరింగు అరిగిన సంగతి. తొక్కినా తీసినా ఒకే తీరున గుయ్యిమని, మలుపులో బరువు ఓ పక్కకు పడగానే శ్రుతి మారితే హబ్ బేరింగు. బయల్దేరేటప్పుడు మాత్రమే టక్కుమంటే, ముందు యూనివర్సల్ జాయింట్ చూడమనేవాడు. ఇన్ని రోగాలకీ ఇప్పుడొకటే మందు. యూనివర్సల్ జాయింట్ పోయిన బండికి యాక్సిల్ మార్చిన మహానుభావులు కూడా ఉన్నారు. మార్చాక కూడా టక్కుమంటూనే ఉంటే, "పాత బండి గదా, అట్లనే ఉంటది" అంటారు.

తిరిగొచ్చాక భాయ్ డ్రెయిన్ ప్లగ్ విప్పి, ఆయిల్ బొట్టును రెండు వేళ్ళ మధ్య రుద్ది ఎండకు పట్టి చూసేవాడు. సన్నటి మెరుపు కనిపిస్తే వయసు పెరిగిందని. గోటికి తగిలే పెచ్చు వస్తే పన్ను రాలుతోందని. పలచటి మజ్జిగలా తెల్లగా దిగితే లోపలికి నీళ్ళు పోయాయని.

నీళ్ళు పోవడం మా వైపు మామూలే. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక, ఎడమ కాలువ కింద మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా వరి పొలాలే. బాటలన్నీ బురద. డిక్కీలో ఎరువు బస్తాలు, లోపల పెళ్ళివారు ఇరుక్కుని కూర్చుని, కాలువ పొంగిన చోట కూడా దాటించేవాళ్ళం. పరుగుతో వేడెక్కిన యాక్సిల్ హౌసింగ్ ఒక్కసారిగా నీళ్ళలో మునిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, సీళ్ళ సందుల్లోంచి నీళ్ళను లోపలికి లాగుతుంది. అందుకే హౌసింగ్ పైన బ్రీదర్ అని చిన్న గాలి రంధ్రం పెట్టారు. అది బురదతో పూడుకుపోయిందా, వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీలు దాటి సరాసరి బ్రేకు షూల మీదికి వస్తుంది. సీలు మార్చినా మళ్ళీ కారుతోందని తలపట్టుకునేవాళ్ళు ఆ బ్రీదర్‌లో పిన్నీసు పెట్టి తిప్పి చూశారా? చూడరు. పిన్నీసు ఆన్‌లైన్లో బుక్ చేసేది కాదు కదా.

లోపల ఉన్నది మామూలు పళ్ళచక్రం కాదు. పినియన్‌కు 8 పళ్ళు, క్రౌన్‌కు 39 ఉన్నాయనుకోండి, షాఫ్టు దాదాపు 4.9 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. హైపాయిడ్ రకంలో పినియన్ క్రౌన్ నడిమధ్యకు కాకుండా కాస్త కిందకు కూర్చుంటుంది కాబట్టి పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లుతూనే జారుతుంటాయి. అంత రాపిడికి మామూలు ఇంజన్ ఆయిల్ ఆగదు, 90 నంబరు హైపాయిడ్ గేర్ ఆయిలే పోయాలి. ఫ్యాక్టరీలో క్రౌన్‌నూ పినియన్‌నూ కలిపి నూరి జోడీ చేస్తారు. ఒక్కటే మార్చి రెండోది ఉంచుకుంటానంటే కుదరదు.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ చూసి చేసిన బండి కాబట్టి మన అంబాసిడర్‌కు ఒక సుఖం ఉంది. రెండు పక్కలా యాక్సిల్ షాఫ్టులు లాగేస్తే, డిఫరెన్షియల్ ముద్ద ముందు వైపు నుంచి విడిగా ఊడి వస్తుంది. హౌసింగ్ కమాన్ల మీదే ఉంటుంది. ఆ ముద్దను బెంచీ మీద పెట్టుకుని భాయ్ క్రౌన్ పళ్ళకు సిందూరం నూనెలో కలిపి పూసి, చేత్తో తిప్పేవాడు. పన్ను నడిమధ్యన మచ్చ పడితే సరే. పైకొనకు పడితే పినియన్ దూరంగా ఉందని, అడుక్కి పడితే మరీ లోపలికి దూరిందని. కాగితమంత షిమ్ము ఒకటి వేయడం, బిగించడం, తిప్పడం, మళ్ళీ విప్పడం. సాయంత్రానికి అయ్యే పని కాదు. తొందరపెడితే "నువ్వే చేస్కో" అని లేచి చాయ్ తాగడానికి పోయేవాడు. నేటి గ్యారేజీలో ఆ ఓపికకు కూలీ ఎవరిస్తారు? అదీ అసలు సంగతి. బాగు చేయడం రాక కాదు, బాగు చేస్తే గిట్టక మార్చేద్దామంటున్నారు.

అలాగని మా రోజుల్లో అందరూ ధర్మరాజులేం కాదు. అమ్మబోయే బండి ఊళవేస్తుంటే, ఆయిల్‌లో రంపపు పొట్టు కలిపి నోరు మూయించే ఘనులు అప్పుడూ ఉన్నారు. కొన్నవాడు ఊరు చేరేదాకా యాక్సిల్ మౌనవ్రతం. తర్వాత ఆ పొట్టు బేరింగుల్లో చేరి, ఉన్న కాస్తా నమిలేసేది. నేను పాత యాక్సిల్ కొనడానికి జంకేది అందుకే. తెలిసిన మన అరుగుదలను పారేసి, ఎవడిదో తెలియని అరుగుదల తెచ్చుకోవడం ఏం తెలివి?

మార్చక తప్పని రోజూ వస్తుంది, కాదనను. హౌసింగ్ వంగి వెనక టైరు ఒకే అంచున అరుగుతున్నా, అతుకు దగ్గర చీలినా, బేరింగు కూర్చునే చోటు వదులైపోయినా ఇక దాన్ని పట్టుకుని వేలాడకూడదు. అప్పుడైనా అదే రకం ఖాళీ హౌసింగ్ విజయవాడ ఆటోనగర్‌లో వెతికించి, మన మంచి డిఫరెన్షియల్‌నే అందులో బిగించుకోవాలి. మొత్తం కొనాల్సి వస్తే పళ్ళు లెక్కపెట్టి మరీ కొనాలి. పళ్ళ లెక్క మారితే, గేరుబాక్స్ నుంచి నడిచే స్పీడోమీటర్ అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది. బండి ఎక్కుడు రోడ్డు మీద ఆయాసపడటమో, చదును రోడ్డు మీద అరవడమో చేస్తుంది.

ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఈ బండ్లు చేయడం 2014 మేలో ఆపేశారు. 2017లో అంబాసిడర్ అన్న పేరును మాత్రం ఫ్రాన్సు ప్యూజో కంపెనీ 80 కోట్లకు కొనుక్కుంది. పేరుకు అంత ధర పలికిన బండి యాక్సిల్‌కు మా ఇంట్లో బేరింగుల ఖర్చు కూడా దండగట.

2021 జూలైలో కేంద్రం ఇంకో ముచ్చట తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, ఛాసీకీ బాడీకీ ఇంజనుకూ పెద్ద మార్పులు చేయని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసి, వీఏ అక్షరాలున్న నంబరిస్తారు. ఫీజు 20,000. అయితే రోజువారీ పనులకు తిప్పకూడదట! అన్నేళ్ళు కాపాడుకొస్తే కిరాణా కొట్టుకు కూడా పోవద్దా? మా బండికి ఆ వయసు రావడానికి ఇంకా టైముంది గానీ, బొలెరో యాక్సిల్ కోసం ఇప్పుడే అడుగున వెల్డింగులు పెట్టిస్తే రేపు అసలు రూపమని ఏం చూపిస్తాం?

చివరికి మనవడు దిగొచ్చాడు. హౌసింగ్ నిటారుగానే ఉంది, క్రౌన్ పళ్ళు బాగున్నాయి, పోయింది పినియన్ బేరింగులూ సీళ్ళే. అవే తెప్పిస్తున్నాం. పని అయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలని గ్యారేజీ పిల్లగాడికి చెబితే, "కొత్త ఆయిలే గదా తాతా, ఎందుకు పారబోసుడు?" అన్నాడు. యాక్సిల్ మొత్తం పారబొయ్యమనేదీ ఈ ఇప్పటి పిల్లలే.